మస్టర్ తర్వాతే కథ: ధ్రువపు బొగ్గుబాయిల్లో గైడు కొలువు

సింగరేణి ఇళ్లలో పెరిగిన వాళ్లకు 'మస్టర్' అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. బాయి దిగే ముందు మస్టర్ పడాలి. ఎంతమంది దిగారో, ఎంతమంది పైకొచ్చారో లెక్క తేలాలి. అది తేలేదాకా పైన ఎవరికీ ఊపిరాడదు. మా నాన్న ముప్పై ఏళ్లు ఆ లెక్కలో ఒక అంకె.

నేను చేసిన కొలువు ఆయన పనికి చాలా దూరం. ఉత్తర ధ్రువానికి సుమారు 1300 కిలోమీటర్ల దిగువన, నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ ద్వీపాల్లో, మూతపడ్డ బొగ్గు గనులను సందర్శకులకు చూపించే గైడు పని. అయినా మొదటి వారంలోనే తెలిసొచ్చింది, ఇక్కడా అన్నిటికన్నా ముందు మస్టరేనని.

నార్వే, స్వీడన్‌లలో చదువుకుంటున్న మన పిల్లలు, హైదరాబాద్‌లో టూరిజం రంగంలో ఉన్నవాళ్లు, మైనింగ్ డిప్లొమా చేసి దారి వెతుక్కుంటున్నవాళ్లు ఈ పని గురించి అడుగుతుంటారు. వాళ్లందరికీ కలిపి ఈ జవాబు. ఇందులో మూడు బాధ్యతలున్నాయి. మనుషుల్ని క్షేమంగా వెనక్కి తేవడం, చోటును చెక్కుచెదరనీయకపోవడం, అక్కడ పనిచేసినవాళ్ల కథను నిజాయితీగా చెప్పడం. ఈ వరస తప్పకూడదు.

ఏమి చూపిస్తాం

లాంగియర్‌బ్యెన్ ఊరు బొగ్గు కోసమే పుట్టింది. అమెరికన్ వ్యాపారి జాన్ మన్రో లాంగియర్ 1906లో ఇక్కడ గని తెరిచాడు. ఊరి పేరు ఆయనదే. 1916లో స్టోర్ నోర్స్కె అనే నార్వే కంపెనీ దాన్ని కొంది. తర్వాత కొండల్లో ఒక్కొక్కటిగా తెరిచిన గనులకు అంకెలే పేర్లయ్యాయి. చివరిదైన ఏడో నంబరు 2025 జూన్ 30న మూతపడింది. దాంతో స్వాల్‌బార్డ్‌లో నార్వే బొగ్గు తవ్వకం ముగిసింది. ఇప్పుడు ఊళ్లో రెండున్నర వేల మంది దాకా ఉంటారు. బతుకుతెరువు చాలావరకు టూరిజం, పరిశోధన, చదువుల మీద.

గైడు పనికి గుండెకాయ లాంటిది మూడో నంబరు గని. 1971 నుంచి 1996 వరకు నడిచింది. కార్మికులు వదిలి వెళ్లినప్పటి సామాన్లు ఇంకా లోపల ఉన్నాయి. సందర్శకులకు ఓవరాల్, హెల్మెట్, క్యాప్ ల్యాంప్ ఇచ్చి తీసుకెళ్తారు. ఊరి పైన కొండ వాలుల్లో రోప్‌వే కొయ్య స్తంభాలు వరసగా నిలబడి ఉంటాయి. గనుల నుంచి బొగ్గు తొట్లు తీగల మీద వేలాడుతూ ఓడరేవుకు వెళ్లేవి. 1987లో అది ఆగింది. తీగలన్నీ కలిసే కూడలి భవనం ఇప్పటికీ ఊరి మీద పెద్ద సాలీడులా కాళ్లు చాపి నిలబడి ఉంది.

సముద్రం దాటితే పిరమిడెన్. స్వీడన్ వాళ్లు 1910లో మొదలుపెట్టారు, 1927లో సోవియట్ యూనియన్ కొంది. ఒకప్పుడు వెయ్యి మందికి పైగా బతికిన ఊరు 1998లో ఖాళీ అయింది. ఇంకా ఉత్తరాన న్యూ-ఓలెసుండ్. బొగ్గు గని పోయి పరిశోధన కేంద్రమైన ఊరు. మన దేశపు 'హిమాద్రి' ధ్రువ పరిశోధన కేంద్రం 2008 నుంచి అక్కడే ఉంది. బొగ్గు బండ్లను లాగిన చిన్న ఆవిరి ఇంజను ఊళ్లో ఇంకా పట్టాల మీదే కనిపిస్తుంది.

ఎవరికి సరిపడుతుంది

మాటకారితనం ఒక్కటే చాలదు. పొద్దున ఐదింటికి లేచి మైనస్ ఇరవైలో బస్సు అద్దాల మీద మంచు గీకే ఓపిక ఉందా? ఒకే దారిలో రోజుకు రెండుసార్లు నడుస్తూ, రెండోసారి వచ్చినవాళ్లకూ మొదటిసారి అన్నంత శ్రద్ధగా చెప్పగలరా? అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు ఉదయించడు. ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా అస్తమించడు. చీకటి కొందరిని కుంగదీస్తుంది, ఆరని వెలుగు కొందరికి నిద్ర పట్టనివ్వదు. మీరు ఏ రకమో ఒక సీజన్ చేస్తేగాని తెలియదు. అందుకే మొదటి ఒప్పందం చిన్నదే చేసుకోండి.

మైనింగ్, జియాలజీ, సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఒక మొగ్గు ఉంది. పైకప్పు ఎలా నిలబడుతుందో, గాలి ఎలా తిరుగుతుందో పుస్తకం చూడకుండా చెప్పగలరు. టీచర్లు, నర్సులు, బస్సు నడిపినవాళ్లు కూడా బాగా రాణిస్తారు. గుంపును కనిపెట్టుకుని ఉండటం వాళ్లకు అలవాటే. ఇంగ్లిష్ తప్పనిసరి. నార్వీజియన్, జర్మన్, ఫ్రెంచ్‌లలో ఒకటి వస్తే పని దొరకడం తేలిక. డ్రైవింగ్ లైసెన్స్, ప్రథమ చికిత్స శిక్షణ లేకుండా దరఖాస్తు పెట్టకండి.

క్రమంగా నేర్చుకోవాలంటే నార్వే ఆర్కిటిక్ విశ్వవిద్యాలయం లాంగియర్‌బ్యెన్‌లో నడిపే ఏడాది ఆర్కిటిక్ నేచర్ గైడ్ కోర్సు ఉంది. అందులో హిమానీనదాల మీద నడక, మంచుచరియల అంచనా, తుపాకి వాడకం, గుంపును నడిపించడం అన్నీ చేతులతో చేయిస్తారు.

వీసా, ఇల్లు, కాగితాలు

స్వాల్‌బార్డ్‌లో ఉండటానికి, పనిచేయడానికి ఏ దేశం వాళ్లకూ వీసా, వర్క్ పర్మిట్ అడగరు. కానీ అక్కడికి విమానం మామూలుగా నార్వే ప్రధాన భూభాగం నుంచే. ఆ భూభాగం షెంగెన్, స్వాల్‌బార్డ్ షెంగెన్ బయట. కాబట్టి మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశించే షెంగెన్ వీసా కావాలి. లేకపోతే తిరుగు ప్రయాణంలో ఇరుక్కుంటారు. రూల్స్ మారుతుంటాయి, టికెట్ కొనే ముందు రాయబార కార్యాలయంలో సరిచూసుకోండి. స్వాల్‌బార్డ్‌లో గడిపిన ఏళ్లు నార్వేలో శాశ్వత నివాసానికి లెక్కలోకి రావని కూడా గుర్తుంచుకోండి.

అక్కడ బతకాలంటే మన ఖర్చు మనమే భరించుకోవాలి. ఆదాయం లేనివాళ్లను పంపించేసే అధికారం స్వాల్‌బార్డ్ గవర్నరుకు ఉంది. జీతం మీద పన్ను ప్రధాన నార్వే కంటే తక్కువే. కానీ అద్దెలు, కూరగాయల ధరలు ఆ మిగులును తినేస్తాయి. ఇళ్లు చాలావరకు కంపెనీల చేతుల్లో ఉంటాయి. కొలువు దొరికినంత సులువుగా గది దొరకదు. నా మొదటి సీజన్లో గది ఇస్తామన్నది నోటిమాటే, ఒప్పందంలో లేదు. మూడు వారాలు ముగ్గురు తోటి గైడ్ల గదుల్లో వంతులవారీగా నేల మీద పడుకున్నాను. తప్పు వాళ్లదే కాదు, చదవకుండా సంతకం పెట్టిన నాది కూడా.

అందుకే సంతకానికి ముందు ఇవి అడిగి రాతలో తీసుకోండి:

– గది ఎవరిది, అద్దె ఎంత, కొలువు పోతే ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలి?
– శిక్షణ రోజులకు జీతం ఉందా?
– ఒక గైడుకు గరిష్ఠంగా ఎంతమంది సందర్శకులు?
– తుపాకి శిక్షణ, అనుమతి బాధ్యత ఎవరిది?
– గాయపడితే బీమా ఎంతవరకు, విమానంలో నార్వే ప్రధాన భూభాగంలోని ట్రోమ్సో ఆసుపత్రికి తరలించే ఖర్చుతో సహా?
– వాతావరణం బాగాలేక యాత్ర రద్దయితే ఆ రోజు జీతం ఉంటుందా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కానీ రద్దు చేస్తే కూలి పోతుందన్న భయం ఉన్న గైడు సరైన నిర్ణయం తీసుకోలేడు.

మొదటి బాధ్యత: అందరూ వెనక్కి రావాలి

మూడో నంబరు గనిలో నా రెండో వారం. పద్నాలుగు మంది లోపలికి వచ్చారు. బయటికి నడుస్తూ తలలు లెక్కపెట్టాను, పద్నాలుగు వచ్చింది. బస్సు దగ్గర చూస్తే పదమూడే. నన్నూ కలిపి లెక్కపెట్టుకున్నానన్నమాట. ఒక పెద్దావిడ వర్క్‌షాప్ గదిలో గోడకు తగిలించి ఉన్న పనిముట్లు చూస్తూ ఆగిపోయింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి క్యాప్ ల్యాంప్ వెలుగులో ఒక రెంచి వైపు చూస్తూ, "మా ఆయన దగ్గర ఇలాంటిదే ఉండేది" అంది. ఆవిడకేం కాలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ మర్నాటి నుంచి కళ్లతో లెక్కపెట్టడం మానేశాను. హెల్మెట్లకు వరస అంకెలు. బస్సు ఎక్కేటప్పుడు, హెల్మెట్ పెట్టుకున్నాక, ఇరుకు దారికి ముందు, తర్వాత, బయటికొచ్చాక, ఇలా ఐదుసార్లు ఎవరి అంకె వాళ్లు పలకాలి. సందర్శకులు మొదట నవ్వుతారు. బాయిలో మస్టర్ ఇలాగే ఉంటుందని చెబితే నవ్వు ఆపి గట్టిగా పలుకుతారు. భద్రత కోసం చేసే పనే కథకు తొలి పంక్తి అవుతుంది.

మిగతా జాగ్రత్తలు క్లుప్తంగా చెబుతాను. లోపలికి వెళ్లే ముందు మాటలు మూడు నిమిషాలు దాటితే ఎవరూ వినరు. మోకాళ్ల నొప్పి, గుండె జబ్బు, ఇరుకు చోట్లంటే భయం ఉన్నవాళ్లను అందరి ముందూ చేతులెత్తమనకండి. "నాతో విడిగా చెప్పండి" అనండి. గుంపు చివర నమ్మకంగా నడిచే మనిషిని ఒకరిని పెట్టుకోండి. గని లోపల శాశ్వతంగా గడ్డకట్టిన నేల, ఏడాది పొడవునా సున్నాకు దిగువే. నూలు బట్ట చెమట పీల్చి మంచుముద్ద అవుతుంది. ఒంటికి తగిలే బట్ట ఉన్నిదై ఉండాలి. విడి చేతితొడుగులు రెండు జతలు, వేడి బ్లాక్‌కరెంట్ రసం ఒక ఫ్లాస్కు మీ సంచిలో ఎప్పుడూ ఉండాలి. చలికి ఫోన్ బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది. ఊరు దాటితే సిగ్నలే ఉండదు. శాటిలైట్ ఫోను తప్పదు.

ఊరి హద్దు దాటాక ధ్రువపు ఎలుగుబంటి ఎక్కడైనా ఎదురవ్వొచ్చు. దాన్ని బెదిరించి తరిమే సాధనం దగ్గర ఉండాలన్నది చట్టం. గైడ్లు సిగ్నల్ పిస్టల్‌తో పాటు రైఫిల్ కూడా పట్టుకెళ్తారు. తుపాకి అద్దెకు తీసుకోవాలన్నా గవర్నర్ కార్యాలయం అనుమతి కావాలి. 2025 నుంచి ఎలుగుబంటికి కనీసం 300 మీటర్లు, మార్చి నుంచి జూన్ చివరి దాకా 500 మీటర్ల దూరం పాటించాలి. దగ్గరగా ఫొటో కావాలని సందర్శకులు ఒత్తిడి చేస్తారు. వాళ్లకు కాదని చెప్పగలగడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. తుపాకి పేల్చాల్సిన స్థితి వచ్చిందంటే, అంతకుముందు గైడు ఎక్కడో పొరబడినట్టే లెక్క.

మంచుచరియలను తేలిగ్గా తీసుకోకండి. 2015 డిసెంబరు 19న లాంగియర్‌బ్యెన్ ఊళ్లోనే ఇళ్ల మీద చరియ పడి ఇద్దరు చనిపోయారు. ఊరి నడిబొడ్డే అలా ఉంటే కొండ వాలు కింద మీ గుంపు సంగతి చెప్పాలా? అనుమానం వస్తే వెనక్కి తిరగండి. వెనక్కి తిరిగిన గైడును ఎవరైనా తప్పుపడితే ఆ కొలువే మానుకోండి.

రెండో బాధ్యత: ఉన్నది ఉన్నట్టు

స్వాల్‌బార్డ్‌లో 1946కు ముందు మనిషి వదిలిన ప్రతి జాడా దానంతటదే రక్షిత వారసత్వం. భవనాలే కాదు, నేల మీద పడున్న పలక, తుప్పు పట్టిన మేకు, విరిగిన తొట్టి కూడా. చుట్టూ వంద మీటర్ల మేర రక్షణ వలయం. అక్కడ గుడారం వేయకూడదు, నిప్పు రాజేయకూడదు.

ఈ మాట చోటుకు చేరాక చెబితే ఆలస్యమైనట్టే. బస్సులోనే చెప్పాలి. ఒకసారి ఒకాయన జేబులోంచి తుప్పు మేకు తీసి, "ఇక్కడ వేలకొద్దీ ఉన్నాయి కదా" అన్నాడు. గొడవ పడలేదు. ఎక్కడ తీశారో చూపించమని అడిగి, ఇద్దరం కలిసి వెళ్లి అక్కడే పెట్టించాను. పడున్న తీరు కూడా ఆధారమేనని చెప్పాను. ఏ మేకు ఏ దిమ్మె పక్కన పడి ఉందో చూసి, అక్కడ గుడిసె ఉండేదో, దారి ఉండేదో పురావస్తు నిపుణులు తేలుస్తారు. చోటు మారితే అది వట్టి ఇనుప ముక్క. ఆయన తర్వాత మిగతావాళ్లకు తనే కాపలా కాశాడు.

ఇంకో సంగతి. ఆ రోప్‌వే కొయ్య స్తంభాలు వందేళ్లు నిలిచింది చలి పుణ్యమే. ఇప్పుడు గడ్డకట్టిన నేల వేసవిలో మునుపటికన్నా లోతుగా కరుగుతోంది. నేలలో తడి పెరిగితే కొయ్య పుచ్చుతుంది, పునాది కదులుతుంది. స్తంభం వంగినట్టు, పలక ఊడినట్టు కనిపిస్తే ఫొటో తీసి తేదీ వేసి గవర్నర్ కార్యాలయానికి పంపండి. రోజూ ఆ దారిన నడిచేది గైడే. కొత్తగా వచ్చిన తేడాను మొదట పసిగట్టేదీ గైడే.

మూడో బాధ్యత: కథ

కొత్త గైడు చేసే పొరపాటు సంవత్సరాలతో మొదలుపెట్టడం. చేతులతో మొదలుపెట్టండి. మూడో నంబరు గనిలో బొగ్గు పొర మందం మీటరు కూడా ఉండదు. నిలబడటం కుదరదు, కూర్చోవడమూ కుదరదు. పక్కకు ఒత్తిగిలి, మోచేతుల మీద జరుగుతూ పనిచేయాలి. ఇష్టమున్నవాళ్లను ఆ ఇరుకులోకి పది అడుగులు పాకించి, రెండు నిమిషాలు మాట్లాడకుండా వదిలేయండి. బయటికొచ్చాక వాళ్లే ప్రశ్నలు అడుగుతారు.

ఈ సంగతి ఫోన్‌లో చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు. "షిఫ్టంత గట్ల పండుకునే చేసిన్రా బిడ్డా?" అన్నాడు. తర్వాత, "మోకాళ్లకు ఏం కట్టుకునేటోళ్లు?" అని అడిగాడు. అన్ని సీజన్లలో ఏ సందర్శకుడూ అడగని ప్రశ్న అది. పని తెలిసినవాడే అలా అడుగుతాడు. అప్పటి నుంచి మోకాలి పట్టీలతోనే నా కథ మొదలవుతుంది.

ఇంకో సూత్రం: 'ఏమిటి' కన్నా 'ఎందుకు' చెప్పండి. చెట్టు మొలవని చోట బొగ్గెలా వచ్చింది? ఆరు కోట్ల ఏళ్ల కిందట అక్కడ వెచ్చని తడి అడవులుండేవి. అప్పటి ఆకుల అచ్చులు రాళ్లలో ఈనెలతో సహా దొరుకుతాయి. తొట్లు గాల్లో ఎందుకు? ఏటవాలు కొండ, నెలలకొద్దీ మంచు. ఊళ్లో మ్యూజియంలోకి, హోటల్లోకి వెళ్లినా గుమ్మంలో చెప్పులు ఎందుకు విప్పాలి? బొగ్గు దుమ్ము ఇంట్లోకి రాకుండా గని కుటుంబాలు పెట్టుకున్న అలవాటు అది. గనులు మూతపడ్డా అలవాటు మిగిలింది. ఇది వింటే మన తెలుగు సందర్శకుల ముఖాలు వెలిగిపోతాయి.

చావుల గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించండి, వివరం తగ్గించకండి. 1920 జనవరి 3న లాంగియర్‌బ్యెన్ మొదటి గనిలో బొగ్గు దుమ్ము పేలి 26 మంది పోయారు. 1962 నవంబరు 5న న్యూ-ఓలెసుండ్‌లో పేలుడు 21 మందిని బలి తీసుకుంది. ఆ గని మూతపడింది, దాని మీద రేగిన వివాదంలో 1963లో నార్వే ప్రభుత్వమే కూలింది. దుమ్ము ఎలా పేలుతుందో వివరించండి. గాలిలో లేచిన మెత్తటి బొగ్గుపొడికి ఒక్క నిప్పురవ్వ చాలు, ఆ మంట ముందున్న దుమ్మును లేపుకుంటూ పోతుంది. అందుకే గనుల్లో సున్నపురాయి పొడి చల్లుతారు. అది చెప్పాక గోడ మీది తెల్లపొడి కూడా సందర్శకులకు ఒక ప్రాణరక్షణ కథలా కనిపిస్తుంది.

పిరమిడెన్‌ను 'దయ్యాల ఊరు' అని అమ్ముకోవద్దు. 1996 ఆగస్టు 29న లాంగియర్‌బ్యెన్ విమానాశ్రయానికి దిగుతూ కొండను ఢీకొన్న విమానంలో 141 మంది చనిపోయారు. చాలామంది ఇక్కడి సోవియట్ కాలపు గనుల్లో పనికి వస్తున్న కార్మికులు, వాళ్ల కుటుంబాలు. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే రెండేళ్లకు ఊరు మూతపడింది. ఖాళీ కిటికీల వెనక ఉద్యోగం పోగొట్టుకున్న మనుషులున్నారు. ఆ ఊరికి యాత్రలు నడిపేముందు మీ సంస్థ వైఖరి తెలుసుకోండి. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక స్వాల్‌బార్డ్ టూరిజం సంస్థలు చాలావరకు అక్కడి రష్యన్ ప్రభుత్వ కంపెనీతో లావాదేవీలు మానుకున్నాయి.

భూమి వేడెక్కడానికి కారణమైన బొగ్గును గొప్పగా చూపిస్తున్నారేమని అడిగేవాళ్లు తప్పక ఉంటారు. తప్పించుకోకండి. బొగ్గు చేసిన నష్టం నిజం, దాన్ని తవ్విన మనిషి కష్టమూ నిజం. రెండూ చెప్పండి. లాంగియర్‌బ్యెన్ కరెంటు 2023 దాకా బొగ్గుతోనే, ఆ తర్వాత డీజిల్‌తో. మొన్నటిదాకా ఏడో గనిలో పనిచేసినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. మీ గుంపులో ఒకరు ఉండొచ్చు. వాళ్ల ముందు చెప్పలేని మాట వాళ్ల వెనకా చెప్పకండి.

ఇక్కడే మొదలుపెట్టండి

శిక్షణకు ధ్రువం దాకా వెళ్లనక్కర్లేదు. సింగరేణికి 1889లో ఇల్లందులో మొదలైన చరిత్ర ఉంది. 2022 చివర్లో ఆర్టీసీ 'సింగరేణి దర్శన్' పేరుతో గనులు చూపించే బస్సు యాత్ర మొదలుపెట్టింది. మూతపడ్డ బాయిలు, పాత క్వార్టర్లు, వాటి కథలు నాలుక చివర పెట్టుకున్న రిటైర్డ్ కార్మికులు కోల్‌బెల్ట్ అంతటా ఉన్నారు. ఒకరి దగ్గర నాలుగు సాయంత్రాలు కూర్చోండి. బాయిలో అన్నం ఎక్కడ తినేవారు, దీపం ఆరితే ఏం చేసేవారు, పైకప్పు రాలబోతోందని ఏ చప్పుడు చెప్పేది, అడగండి. చెప్పింది రాసుకుని, మీ వీధి పిల్లలు పదిమందికి ఇరవై నిమిషాల్లో చెప్పి చూడండి. పిల్లలు ఎక్కడ కదిలి ఆవులిస్తే అక్కడ మీ కథ సాగిందన్నమాట. కోసేయండి.

నేను ప్రతి యాత్ర చివర్లో ఒక పని చేస్తాను. గని లోపలి మలుపులో అందరినీ క్యాప్ ల్యాంపులు ఆర్పమంటాను. ఆ చీకట్లో మన అరచెయ్యి మనకు కనిపించదు. చలికి కొండ ఎక్కడో చిన్నగా చిటపటమంటుంది. ఒక నిమిషం అలాగే. ఆ నిమిషంలో నేనేమీ వివరించను, ఎవరి కొటేషనూ చెప్పను. తర్వాత "ఒకటి" అంటాను. చీకట్లోంచి "రెండు" వినిపిస్తుంది, ఆపైన "మూడు". చివరి అంకె పలికాకే నా దీపం వెలిగిస్తాను.